కండరాల అదురు: ఒక భయం వెనుక చరిత్ర

సుందరకాండ చదివినవారికి ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. అశోకవనంలో ఆశలన్నీ వదులుకున్న సీతమ్మకు ఎడమ కన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదురుతాయి. అవి శుభసూచకాలని వాల్మీకి చెబుతాడు. కొద్దిసేపటికే హనుమంతుని మాట వినబడుతుంది. కాళిదాసు దుష్యంతుడికి కూడా ఆశ్రమంలో అడుగు పెట్టగానే భుజం అదురుతుంది. నేటికీ మన ఇళ్ళలో ఎవరికైనా కన్ను అదిరితే, పక్కవారు మొదట అడిగేది "ఏ కన్ను?" అనే.

శకునాలను నేను సమర్థించబోవడం లేదు. అయితే ఆరోగ్యవంతుల శరీరం కూడా అదురుతుందని మన పూర్వులకు తెలుసునన్నది మాత్రం గమనించండి. ఆధునిక వైద్యం ఆ సంగతిని లెక్కగట్టి చెప్పడానికి 1963 దాకా పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరి విషయంలో నా తప్పు కూడా ఉంది.

పిక్కల్లో పురుగు పాకినట్లు, తొడలో చేప కొట్టుకున్నట్లు, కనురెప్ప దానంతటదే ఆడినట్లు నెలల తరబడి అనిపిస్తున్నదని, రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ సరిగానే వచ్చాయని, అయినా నిద్ర పట్టడం లేదని చెప్పేవారు మీ చుట్టుపక్కల తప్పక ఉంటారు. మీరే వారిలో ఒకరైతే, మీ భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం మంచిది.

అది పుట్టిన ఊరు పారిస్. 1850లో అరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కండరాలు క్రమంగా క్షీణించిపోయే వ్యాధిని వర్ణించాడు. ఆ నగరంలోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో మహాశయుడు అటువంటి రోగులను ఏళ్ళ తరబడి పరిశీలించి, మరణానంతరం వారి వెన్నుపాములను సూక్ష్మదర్శిని కింద చూచి, 1874లో ఒక వ్యాధికి పేరు పెట్టాడు. నేడు ఏ.ఎల్.ఎస్. అంటున్నది దానినే. మోటార్ న్యూరాన్లు, అంటే కండరాలను కదిలించే నాడీకణాలు, ఒక్కొక్కటిగా నశించడం దాని లక్షణం. ఆ రోగుల కండరాలు చర్మం కింద అదరడాన్ని ఆనాటి వైద్యులు శ్రద్ధగా గుర్తించారు. అది వైద్యగ్రంథాలలోకి ఎక్కింది.

చిక్కు అక్కడే మొదలైంది. షార్కో చూచినవారందరూ అప్పటికే చేతులు చచ్చుబడి, కండలు కరిగి ఆసుపత్రికి చేరినవారు. పిక్క అదురుతూనే రొట్టెలు కాల్చుకుంటూ, బండి తోలుకుంటూ తిరిగే పారిస్ పౌరులు ఆయన వార్డులోకి ఎందుకు వస్తారు? కోర్టు గుమ్మంలో నిలబడి చూచేవాడికి ఊరంతా తగాదాలమారులే అనిపిస్తారు. 1895లో షుల్ట్జ్ అనే జర్మన్ వైద్యుడు ప్రమాదం లేని కండరాల అలజడిని వర్ణించి దానికి మయోకైమియా అని పేరు పెట్టాడు గాని, ఆ మాట పుస్తకాలలో ఒక మూలకే పరిమితమైంది.

తరువాత పరికరం వచ్చింది. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే శాస్త్రజ్ఞులు కండరంలోకి సన్నని సూదిని గుచ్చి, అందులోని విద్యుత్తును లౌడ్‌స్పీకరు ద్వారా వినగలిగారు. నేటి ఈ.ఎం.జి. పరీక్షకు అదే మూలం. దాని సాయంతో 1938లో డెన్నీ-బ్రౌన్, పెన్నీబేకర్ అనే వైద్యులు అంతవరకు కలగాపులగంగా ఉన్న రెండింటిని విడదీశారు. నరం తెగిన కండరంలో ఒక్కొక్క పోగు విడివిడిగా కంపించడం ఒకటి; దానిని ఫిబ్రిలేషన్ అన్నారు, అది చర్మం పైనుంచి కనబడదు. ఒక నాడీకణం అధీనంలోని పోగులన్నీ ఒక్కసారిగా ముడుచుకోవడం రెండవది. లాటిన్‌లో చిన్న కట్ట అనే అర్థమున్న మాట నుంచి దానిని ఫాసిక్యులేషన్ అన్నారు. మీ పిక్క మీద మీకు కనబడేది ఇదే. పదేళ్ళ తరువాత, 1948లో, డెన్నీ-బ్రౌన్ మరొక సహచరునితో కలిసి, ఏ వ్యాధీ లేనివారిలోనూ ఇది వస్తుందని రాశాడు.

ఎంతమందిలో వస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు 1963లో దొరికింది. ఏ.ఎల్.ఎస్. మీద గువామ్ ద్వీపంలో పరిశోధనలు చేసిన కర్లాండ్, తన సహచరుడు రీడ్‌తో కలిసి ఆరోగ్యవంతులనే ప్రశ్నించాడు. నూటికి దాదాపు డెబ్బై మంది తమకు ఏదో ఒక రకం కండరాల అదురు ఉందన్నారు. విచిత్రమేమంటే, స్టీఫెన్ హాకింగ్‌కు ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో వ్యాధి నిర్ధారణ అయింది కూడా ఆ సంవత్సరమే. హాకింగ్ గురించి పల్లెటూరి విద్యార్థికి సైతం తెలుసు. ఆ డెబ్బై మంది గురించి ఎందరికి తెలుసు?

1993లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, కేవలం అదురు మాత్రమే ఉన్న 121 మందిని రెండు నుంచి ముప్ఫై రెండు సంవత్సరాల పాటు గమనించిన ఫలితాలు ప్రకటించారు. ఒక్కరికీ ఏ.ఎల్.ఎస్. రాలేదు. నిజాయితీగా మరొక మాట కూడా చెప్పాలి. తరువాతి కాలంలో ఒకటి రెండు మినహాయింపులు వైద్యపత్రికలలో వచ్చాయి. వైద్యంలో నూటికి నూరు అనే హామీ ఎవరూ ఇవ్వలేరు. అటువంటి హామీ కోసం వెదకడమే ఈ బాధలో సగభాగం.

నేను ఆఖరి సంవత్సరం ఎం.బి.బి.ఎస్. చదువుతుండగా నరాల పాఠం చదివిన రాత్రే నా ఎడమ పిక్క అదిరింది. హాస్టలు దీపం కింద కాలు పెట్టుకుని తెల్లవార్లూ చూచాను. దర్జీ టేపుతో రెండు పిక్కలూ కొలిచాను. నెల రోజులు మునివేళ్ళ మీద నడిచి బలం పరీక్షించుకున్నాను. వైద్యులలోనే ఈ భయం ఎక్కువని తరువాత తెలిసింది. 2013లో సిడ్నీ నరాల వైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. ఆ తెల్లకోట్లవారికి కలిగిన భయం పుస్తకం పెట్టిన భయమే.

ప్రభుత్వ సేవలో చేరాక అదురును నేను ఎక్కువగా చూచింది పురుగుమందు తాగినవారిలో. నోట నురగ, సూదిమొనంత కంటిపాపలు, ఒళ్ళంతా జలజలమని అదిరే కండరాలు. నరం నుంచి కండరానికి వార్త మోసే ఎసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోవడం వల్ల అలా అవుతుంది. ఎట్రోపిన్ ఎక్కిస్తూ రాత్రులు గడిపిన నా కంటికి అదురంటే ప్రాణాపాయమే. అంటే నేనూ షార్కో నిలబడ్డ గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆ రోజులలో ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. కుడి జబ్బ అదురుతున్నది. పరీక్షించాను. బలం చక్కగా ఉంది, కండ తగ్గలేదు, సుత్తితో కొడితే ప్రతిస్పందనలన్నీ సహజంగా ఉన్నాయి. ఆ మాట చెప్పి పంపితే సరిపోయేది. నేను మాత్రం నగరంలోని నిపుణునికి చీటీ రాస్తూ, "మోటార్ న్యూరాన్ వ్యాధి కాదని నిర్ధారించగలరు" అని ఆంగ్లంలో ఒక వాక్యం చేర్చాను. జాగ్రత్త అనుకున్నాను. నిజానికి అది నా సొంత భయమే. ఆయన బస్సులోనే ఆ చీటీ చదువుకున్నారు.

రెండేళ్ళలో ఆయన నాలుగు ఈ.ఎం.జి.లు, రెండు ఎం.ఆర్.ఐ.లు చేయించుకున్నారు. అర ఎకరం పోయింది. "రిపోర్టు బాగుందని చెప్పిన వారం రోజులు హాయిగా నిద్రపోతాను డాక్టరు గారూ. ఎనిమిదో రోజు, వాళ్ళు సూది గుచ్చిన చోట కాక పక్కన ఉందేమో అనిపిస్తుంది" అన్నారు. ప్రతి పరీక్షా భయాన్ని తీర్చడానికి బదులు దానికి మేత వేసింది.

ఇది కొత్త సంగతి కాదు. ఊహారోగి మీద మోలియేర్ నాటకం రాసింది 1673లో. అయితే భయపడేవారిని చూచి నవ్వడం, లేదా "ఏమీ లేదు, వెళ్ళండి" అనడం తప్ప వైద్యులకు చాలాకాలం మరో దారి తెలియలేదు. 1986లో బ్రిటన్‌కు చెందిన సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అసలు కీలకం పట్టుకున్నారు. పదేపదే భరోసా కోరడం, శరీరాన్ని తడిమి చూచుకోవడం క్షణకాలం ఉపశమనమిచ్చి, భయాన్ని మరింత పాతుకుపోయేలా చేస్తాయి. వాటిని క్రమంగా తగ్గించుకోవడమే చికిత్స. నేటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ పునాది మీద నడుస్తున్నది. ఈ భయం ఉన్నవారు అబద్ధమాడడం లేదు. అదురు నిజం, బాధ నిజం. దాని అర్థం విషయంలోనే పొరపాటు.

ఆ ఉపాధ్యాయునికి మానసిక వైద్యుని సాయంతో కుదిరిన ఒప్పందం సులువైనదే. మూడు నెలలకొకసారి నా దగ్గర కండరాల బలం చూపించుకోవడం, మధ్యలో కొలతలు, కొత్త పరీక్షలు లేకపోవడం, కాఫీ రెండు కప్పులకు తగ్గించడం. మొదటి నెల ఆయనకు నరకంగా గడిచింది. ఏడాదికి నన్ను చూడడం మానేశారు.

మీరు గమనించవలసింది అదురును కాదు, బలాన్ని. చెప్పు తెలియకుండా కాలి నుంచి జారిపోతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగడం కష్టమైతే, ఒక చేతి కండ రెండవదానికంటే స్పష్టంగా సన్నబడితే ఆలస్యం చేయకుండా నరాల వైద్యుని చూడండి. దక్షిణ భారతంలో యువకులకు వచ్చే ఒక అరుదైన రకాన్ని 1970లో మద్రాసు వైద్యులు వర్ణించారు. దానిలోనూ కండలు సన్నబడి బలహీనత, చెవుడు కనిపిస్తాయి; అదురు ఒక్కటే కాదు. ఇవేవీ లేకుండా అదురు మాత్రమే ఉంటే ఒకసారి సరైన పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం చూపించండి. ఉబ్బసానికి సాల్బుటమాల్ వంటి మందులు వాడుతుంటే ఆ మాట వైద్యునికి చెప్పండి. నిద్ర సరిచేసుకోండి.

ఆ మాస్టారు పోయిన సంవత్సరం మనుమరాలి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు. ఆ జబ్బ ఇప్పటికీ అదురుతూనే ఉందట.