ఓపెన్‌లోనే ఆడిన జుడిత్ పోల్గార్

చెస్ పోటీల్లో మామూలుగా రెండు విభాగాలు ఉంటాయి. ఒకటి ఓపెన్, అంటే ఎవరైనా ఆడవచ్చు. రెండోది మహిళలకు మాత్రమే. ఓపెన్‌లో ఆడే హక్కు ఉన్నా ఎక్కువమంది ఆడపిల్లలు రెండోదానిలోనే పేరు ఇస్తారు. హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ అలా చేయలేదు. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఆమె ఒక్కసారి కూడా పోటీ పడలేదు. ఆమె గొప్పతనం ఎక్కడుంది అని అడిగితే నేను ముందు ఈ విషయమే చెప్తాను.

జుడిత్ 1976 జూలై 23న బుడాపెస్ట్‌లో పుట్టింది. సుసాన్, సోఫియా ఆమె అక్కలు. మేధావులు పుట్టరు, శిక్షణతో తయారవుతారు అని తండ్రి లాస్లో నమ్మకం. అందుకని ముగ్గురినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తూ చెస్ నేర్పారు. అప్పుడు హంగేరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉంది. ఇంట్లో చదివించడానికి అనుమతి కోసం ఆయన అధికారులతో చాలా పోరాడాల్సి వచ్చింది.

ముందుగా కష్టపడింది పెద్దక్క సుసాన్. ఆమె కూడా మగవాళ్ళతో ఆడాలనుకుంది. 1986లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఒక నిర్ణయం తీసుకుంది. పోటీల్లో ఆడుతున్న మహిళలందరికీ 100 రేటింగ్ పాయింట్లు కలిపింది, సుసాన్‌కు తప్ప! మిగతావాళ్ళు తమలో తామే ఆడటం వల్ల వాళ్ళ రేటింగ్ తక్కువగా ఉందని కారణం చెప్పారు. దాంతో సుసాన్ మొదటి స్థానం పోయింది. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

1988లో గ్రీస్‌లోని థెస్సలొనీకిలో ఒలింపియాడ్ జరిగింది. హంగేరీ మహిళల జట్టులో నలుగురిలో ముగ్గురు ఈ అక్కచెల్లెళ్ళే. సోవియట్ జట్టును వెనక్కి నెట్టి బంగారు పతకం గెలిచారు. 12 ఏళ్ళ జుడిత్ 13 ఆటల్లో 12 గెలిచి ఒకటి డ్రా చేసింది. అదే ఏడాది 12 ఏళ్ళలోపు బాలుర విభాగంలో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యింది. 1991 డిసెంబరులో మగవాళ్ళతో ఆడి హంగేరీ జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచి గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. అప్పటికి వయసు 15 ఏళ్ళ 4 నెలలు. 1958 నుంచి ఉన్న బాబీ ఫిషర్ రికార్డు పోయింది. 2002లో మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి ఇంకా చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యి, మహిళల్లో జుడిత్ రికార్డును దాటింది.

1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో జుడిత్ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌తో ఆడింది. కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో పెట్టి చెయ్యి తీసి, మళ్ళీ ఎత్తి ఇంకో గడిలో పెట్టారు. చెయ్యి వదిలితే ఎత్తు అయిపోయినట్టే. కానీ 17 ఏళ్ళ జుడిత్ అక్కడ ఫిర్యాదు చేయలేదు, ఆట ఓడిపోయింది. చెయ్యి వదిలినట్టు తర్వాత వీడియోలో కనిపించింది. 8 ఏళ్ళ తర్వాత, 2002లో మాస్కోలో జరిగిన ర్యాపిడ్ పోటీలో అదే కాస్పరోవ్‌ను ఆమె ఓడించింది. అప్పుడు ఆయన ప్రపంచ నంబర్ వన్.

2004లో బాబు పుట్టాక కొంతకాలం ఆడలేదు. తిరిగొచ్చి 2005లో 2735 రేటింగ్‌తో ప్రపంచంలో 8వ స్థానానికి చేరింది. ఇది మహిళల జాబితా కాదు, అందరి జాబితా. ఆ ఏడాది అర్జెంటీనాలో 8 మందితో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. అందులో ఆమె చివరి స్థానంలో నిలిచింది. అయినా అక్కడిదాకా వెళ్ళిన మొదటి మహిళ ఆమే. 2014లో హంగేరీ ఓపెన్ జట్టుతో ఒలింపియాడ్ వెండి పతకం గెలిచి ఆట నుంచి విరమించుకుంది.

ఇదంతా తండ్రి శిక్షణ వల్లే అని కొందరంటారు. శిక్షణ ముఖ్యమే. కానీ ఒకే ఇంట్లో ముగ్గురూ ఒకేలా నేర్చుకున్నా అందరికంటే పైకి వెళ్ళింది చిన్నమ్మాయి జుడిత్. కాబట్టి అందులో ఆమె సొంత పట్టుదల కూడా ఉంది.

మహిళల విభాగం వద్దని నేను అనను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అది ధైర్యం ఇస్తుంది, బహుమతులూ వస్తాయి. కానీ రేటింగ్ బాగా పెరగాలంటే మనకంటే గట్టివాళ్ళతో ఆడాలి. అందుకే నా స్నేహితురాళ్ళకు ఒక మాట. ఈసారి చెస్ పోటీకి పేరు ఇచ్చేటప్పుడు ఓపెన్‌లో కూడా ఇవ్వండి. మొదట్లో ఓడిపోతాం. ఓడిపోయినా ఆడదాం.