కిడ్నీ జబ్బు ముదురుతుందా? మూత్రం టెస్ట్ ముందే చెప్పేస్తుంది.. మన్యంలో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇది తెలుసుకోవాల్సిందే!

సీలేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కి రావాలంటే ఘాట్ రోడ్డులో గంటల ప్రయాణం. ఇక కిడ్నీలు పాడై వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అంటే కొండల్లో ఉండేవాళ్లకి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అందుకే జబ్బు ముదురుతోందా లేదా అన్నది ముందే పసిగట్టాలి. దానికి రక్తపరీక్ష ఒక్కటే సరిపోదు.

ఏంటీ టెస్ట్?

మంచి కిడ్నీ ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను దాదాపుగా బయటకు పోనివ్వదు. కిడ్నీలోని జల్లెడ దెబ్బతింటే అది మూత్రంలోకి వచ్చేస్తుంది. దీన్ని కొలిచేదే యూఏసీఆర్ టెస్ట్. గ్రాము క్రియాటినిన్‌కి ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది లేదు. 30 నుంచి 300 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. 300 దాటితే జబ్బు త్వరగా ముదిరే ముప్పు ఎక్కువ.

సికిల్ సెల్ ఉంటే..

గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్‌పై కేంద్రం 2023 జులై 1న నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో క్రియాటినిన్ మూత్రంలోకి ఎక్కువగా పోతుంది. దాంతో కిడ్నీ దెబ్బతింటున్నా రక్తపరీక్ష చాలాకాలం నార్మల్‌గానే వస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం ముందే బయటపడుతుంది. అందుకే పదేళ్ల వయసు నుంచి ఏటా ఈ టెస్ట్ చేయించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఉద్దానంలో సీన్ వేరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది కిడ్నీ బాధితుల మూత్రంలో ప్రోటీన్ తక్కువే ఉంటుంది. అక్కడ ప్రధానంగా దెబ్బతినేది కిడ్నీలోని సన్నని గొట్టాలు. అలాంటి చోట ఆల్బుమిన్ టెస్ట్ ఒక్కటే నమ్ముకుంటే జబ్బు దొరక్కపోవచ్చు. గొట్టాలు దెబ్బతిన్నప్పుడు మూత్రంలో పెరిగే కిమ్-1, ఎన్‌గాల్, బీటా-2 మైక్రోగ్లోబులిన్ లాంటి వాటిపై శాస్త్రవేత్తలు పరిశోధనలు చేస్తున్నది అందుకే. అయితే ఇవి ఇంకా ఊళ్లలోని మామూలు ల్యాబుల దాకా రాలేదు.

ఇవి గుర్తుంచుకోండి

* ఉదయం మొదటిసారి వచ్చే మూత్రం ఇస్తే మంచిది.
* జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు రిజల్ట్ తప్పుగా రావచ్చు. ఎక్కువ వస్తే కంగారు పడకుండా మూడు నెలల్లోపు మళ్లీ చేయించాలి.
* షుగర్, బీపీ ఉన్నవాళ్లకీ ఏటా ఈ టెస్ట్ అవసరం.
* సికిల్ సెల్ నొప్పులకి డాక్టర్‌ను అడగకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వాడొద్దు. అవి కిడ్నీలపై భారం వేస్తాయి.

ఆల్బుమిన్ పోతోందని ముందే తెలిస్తే దాన్ని తగ్గించే మందులున్నాయి. సికిల్ సెల్ కార్డు ఉన్నవాళ్లు ఈసారి పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు యూఏసీఆర్ టెస్ట్ ఎక్కడ చేస్తారో అడగడం మర్చిపోకండి.