పొద్దున్నే పడ్డ ఓట్లు ఏం చెబుతాయి?



ఎన్నికల రోజున మన ఇళ్ళల్లో జరిగే ముచ్చట ఒకటి చెప్పుకుందాం. పొద్దున ఏడింటికి పోలింగు మొదలవుతుంది. తొమ్మిదయ్యేసరికి నూటికి ఇంతమంది ఓటేశారని మొదటి లెక్క వచ్చేస్తుంది. పదకొండింటికి ఇంకొకటి, ఒంటిగంటకి మరొకటి. ఆ అంకె వినీ వినగానే హాల్లో కూర్చున్న మగవాళ్ళు జోస్యాలు మొదలుపెడతారు. "ఇంత పొద్దున్నే ఇన్ని ఓట్లు పడ్డాయంటే ఉన్న ప్రభుత్వం పోయినట్టే" అంటారు బావగారు. "అదేం కాదు, ఆడవాళ్ళ వరస చాంతాడంత ఉందిట, ఉన్నవాళ్ళే వస్తారు" అంటారు మరిదిగారు. మనం పోపు వేస్తూ రెండూ వింటాం.

ఇంతలో పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "అప్పుడే అంత పోలింగయిందట వదినా, ఇంక మనం వెళ్ళి చేసేదేముంది?" అంటుంది. ఆ మాట గురించే ఈవేళ నా ప్రసంగం. తొందరగా పడ్డ ఓట్లు నిజంగా ఏం చెబుతాయో, ఏం చెప్పవో మన దేశ చరిత్రనే అడిగి చూద్దాం.

స్వతంత్ర భారతదేశంలో అందరికంటే ముందు ఓటు వేసినవాళ్ళు ఢిల్లీవాళ్ళూ కాదు, మద్రాసువాళ్ళూ కాదు. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో చినీ అనే తాలూకా ప్రజలు. ఆ చినీ గ్రామాన్నే తరవాత కల్ప అన్నారు. చలికాలం వస్తే మంచు పడి అక్కడి దారులన్నీ మూసుకుపోతాయి. అందుకని దేశమంతటికంటే ముందుగా, 1951 అక్టోబరు 25న అక్కడ పోలింగు జరిపించారు. శ్యామ్ శరణ్ నేగీ అనే బడిపంతులుకి దేశపు తొలి ఓటరుగా పేరొచ్చింది. ఎన్నికల పని మీద తను వేరే ఊరు వెళ్ళాల్సి ఉందని, ముందుగా ఓటు వేయనివ్వమని అధికారులను అడిగి వేశానని ఆయన చెప్పేవారు. ఆ తరవాత ఏ ఎన్నికా వదలకుండా ఓటు వేస్తూ వచ్చారు. 2022 నవంబరులో, నూట అయిదేళ్ళ వయసులో, ఇంటి దగ్గరే చివరి ఓటు వేసి మూడు రోజులకే కన్నుమూశారు.

ఇక్కడొక చిత్రం ఉంది. సరిగ్గా అదే రోజున ఇంగ్లండులో కూడా ఎన్నికలు జరిగాయి. మర్నాటికల్లా చర్చిల్ మళ్ళీ ప్రధానమంత్రి అయిపోయారు. చినీవాళ్ళ ఓట్లు మాత్రం పెట్టెల్లోనే ఉండిపోయాయి. దేశంలో మిగతావాళ్ళ పోలింగు పూర్తయ్యేసరికి 1952 ఫిబ్రవరి వచ్చింది. అంటే, ముందుగా ఓటు వేసినవాళ్ళు ఫలితం కోసం అందరికంటే ఎక్కువ కాలం కాచుకున్నారన్నమాట. ఆ రోజుల్లో అభ్యర్థికో పెట్టె చొప్పున, పెట్టె మీద గుర్తు అతికించి పెట్టేవారు. చదువు రాని వాళ్ళు కూడా గుర్తు చూసి చీటీ వేసేవారు. పెట్టె తెరిచేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. చివరికి తెరిచి చూస్తే, ఆ కొండ గ్రామాలున్న మండీ-మహాసూ నియోజకవర్గంలో గెలిచినవారిలో ఒకరు స్త్రీ. ఆవిడే రాజకుమారి అమృత్ కౌర్, మన దేశపు మొదటి ఆరోగ్యమంత్రి.

వినడానికి ఎంతో బాగుంది కదూ? కానీ అదే ఎన్నికలో మన ఆడవాళ్ళకి జరిగిన మరో సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో దేశం మొత్తం మీద ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. జాబితాలు రాయడానికి గుమాస్తాలు ఇంటింటికీ వెళ్ళారు. "అమ్మా, మీ పేరు?" అని అడిగితే చాలాచోట్ల ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్యని", "ఫలానా అబ్బాయి తల్లిని" అన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పడం తప్పని వాళ్ళ ఆచారం. బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల ఇది మరీ ఎక్కువ. మొదటి ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ పేరు లేకుండా ఓటు లేదన్నారు. చివరికి 28 లక్షలమంది స్త్రీలను జాబితాల్లోంచి కొట్టేశారు.

ఇప్పుడు మళ్ళీ మన శాతాల దగ్గరికి వద్దాం. ఆ ఎన్నికలో నూటికి 45 మంది దాకా ఓటేశారని లెక్క. ఆ నూరు ఎవరిలోంచి తీసింది? జాబితాలో ఉన్నవాళ్ళలోంచి. కొట్టేసిన ఆ 28 లక్షలమంది వచ్చినవాళ్ళ లెక్కలోనూ లేరు, రానివాళ్ళ లెక్కలోనూ లేరు. పెళ్ళి పందిట్లో విస్తర్లు లెక్కపెడితే భోజనానికి ఎంతమంది కూర్చున్నారో తెలుస్తుంది గాని, శుభలేఖ అందనివాళ్ళు ఎంతమందో తెలియదు కదా! పోలింగు శాతం కూడా అంతే.

ఇక బావగారి జోస్యం సంగతి చూద్దాం. ఎక్కువమంది ఓటేస్తే ఉన్న ప్రభుత్వం పడిపోతుందన్నది మన దేశంలో చాలా పాత నమ్మకం. 1971లో నూటికి 55 మంది ఓటేస్తే 1977లో 60 మంది వేశారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఓడిపోయింది. నమ్మకం నిజమే అనిపించింది. 1980లో పోలింగు 57కి తగ్గింది. అధికారంలో ఉన్నవాళ్ళు అప్పుడూ ఓడిపోయారు, ఇందిరాగాంధీ తిరిగి వచ్చారు. 1984లో ఏకంగా 64కి పెరిగింది. ఈసారి పాలిస్తున్న కాంగ్రెసే అంతకు ముందెన్నడూ లేనన్ని స్థానాలతో గెలిచింది. 2014లో 66కి చేరితే ప్రభుత్వం మారింది. 2019లో మరి కాస్త పెరిగి 67 దాటితే ఉన్న ప్రభుత్వమే నిలబడింది. అంకె పెరిగిన ప్రతిసారీ ఒకటే ఫలితం రాలేదు. తగ్గినప్పుడూ అంతే.

మన రాష్ట్రం సంగతి మరీ విచిత్రం. 1977లో దేశమంతా కాంగ్రెసు ఓడిపోతే, ఆంధ్రప్రదేశ్ లో 42 లోక్ సభ స్థానాలకి 41 ఆ పార్టీకే దక్కాయి. మిగిలిన ఒక్కటీ, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారిది. ఇక నిన్నమొన్నటి మాట. 2019లోనూ 2024లోనూ ఆంధ్రప్రదేశ్ లో నూటికి ఎనభైమంది ఓటేశారు. రెండోసారి ఒకటి రెండు ఎక్కువే. మొదటిసారి వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకి 175 శాసనసభ స్థానాల్లో 151 వచ్చాయి. రెండోసారి తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి 164 వచ్చాయి. క్యూలు రెండుసార్లూ పొడుగే. తీర్పు మాత్రం తలకిందులయింది.

మరి పొద్దుటి లెక్క అసలేమీ చెప్పదా అంటే, చెబుతుంది. ఎవరికి ఓటేశారో చెప్పదు గాని, ఎవరు రాగలిగారో చెబుతుంది. పొద్దున్నే వచ్చేవాళ్ళెవరు? పనిలోకి పోవలసినవాళ్ళు, ఎండకి తట్టుకోలేని పెద్దవాళ్ళు, బూతుకి దగ్గరలో ఉన్నవాళ్ళు. కుళాయి నీళ్ళు పట్టుకుని, టిఫిన్లు పెట్టి, మంచాన ఉన్న అత్తగారికి మందులిచ్చి బయలుదేరే ఇల్లాలు తొమ్మిదింటి లెక్కలో ఎలా ఉంటుంది? ఆవిడ రాలేదని తొమ్మిదింటికే తీర్మానించేస్తే, పెరుగు తోడుపెట్టిన గంటకే తోడుకోలేదని పారబోసినట్టే.

కొన్నేళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాత్రం పెద్ద మార్పే కనిపిస్తుంది. 1962లో మగవాళ్ళు నూటికి 63 మంది ఓటేస్తే ఆడవాళ్ళు 47 మంది కూడా పూర్తిగా లేరు. 2019లో లోక్ సభ ఎన్నికల చరిత్రలోనే మొదటిసారి ఆడవాళ్ళ శాతం మగవాళ్ళని వెంట్రుకవాసి దాటింది. పేరు చెప్పడానికి జంకిన అమ్మమ్మల మనవరాళ్ళే ఈ వరసలో నిలబడ్డవాళ్ళు. దీన్ని చూసి ఏ పార్టీ గెలిచిందో చెప్పలేం. దేశం ఎంత దూరం వచ్చిందో మాత్రం చెప్పుకోవచ్చు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉందని అందరి మనసూ ఒక్కటేననుకోవడం పొరపాటు. ఒక ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ ఒకే రకంగా ఓటేస్తారని ఎవరు చెప్పగలరు?

తొందరపాటు జోస్యాలు ఉత్త కాలక్షేపమైతే ఫరవాలేదు. వాటివల్ల ఓటర్ల మనసు మారే ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో పోలింగు కొన్ని వారాలపాటు విడతలు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతవాళ్ళ మాట విని తరవాతి విడతవాళ్ళు మొగ్గవచ్చు, లేదా "అయిపోయిందిలే" అని ఇంట్లో కూర్చోవచ్చు. అందుకే 2009లో చట్టాన్ని సవరించారు. ఓటేసి వచ్చినవాళ్ళని అడిగి కట్టే అంచనాలను చివరి విడత పోలింగు అయ్యేదాకా ఎవరూ ప్రకటించకూడదన్నారు.

"మనం వెళ్ళి చేసేదేముంది?" అన్న పక్కింటావిడకి నా జవాబు అనకాపల్లి. 1989 లోక్ సభ ఎన్నికలో అక్కడ కొణతాల రామకృష్ణ గారు గెలిచింది ఎంత తేడాతోనో తెలుసా? తొమ్మిదంటే తొమ్మిది ఓట్లు! లక్షలమంది ఓటేసినచోట తొమ్మిది. ఒక మేడలో ఉండే రెండు వాటాలవాళ్ళు సరిపోతారు. "పోలింగు బాగానే అయిందిలే" అనుకుని ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోండి.

కాబట్టి సోదరీమణులారా, ఈసారి తొమ్మిదింటి లెక్క వినబడినప్పుడు అందులో మీరు లేరన్న సంగతి గుర్తు చేసుకోండి. పని ముగించుకునే వెళ్ళండి. మధ్యాహ్నమైనా ఫరవాలేదు, పోలింగు ముగిసే వేళకి వరసలో నిలబడి ఉంటే చాలు, చీటీ ఇచ్చి ఓటు వేయనిస్తారు. అంతకంటే ముందు, జాబితాలో మీ పేరు, మీ కోడలి పేరు, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పేరు ఉన్నాయో లేవో చూసుకోండి. ఫలానావారి భార్యగా కాదు, మీ పేరుతోనే ఉండాలి. 28 లక్షలమందికి ఆనాడు దక్కకుండా పోయింది అదే.



(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)