గది వచ్చింది, పోస్టు రాలేదు

ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువు గురించి చెప్పమంటే మనం యంత్రాల లెక్క చెబుతాం. ఏ పథకం కింద ఎన్ని బడులకు ఎన్ని పెట్టెలు వెళ్లాయన్నదే అందులో కథంతా. కేంద్రం 1984లో ‘క్లాస్’ పేరుతో మొదలుపెట్టిన ప్రయోగాన్నీ అలాగే గుర్తుంచుకున్నాం. బ్రిటన్‌లో బీబీసీ తన కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమం కోసం ఏకార్న్ కంపెనీ చేత చేయించుకున్న బీబీసీ మైక్రోలే మన బడులకూ వచ్చాయి. మెమరీ 32 కిలోబైట్లు. తొలి విడతకు ఎంచుకున్న బడులు సుమారు 250. పిల్లలకు కంప్యూటరంటే బెదురు పోగొట్టడమే ఉద్దేశం కాబట్టి దానికి సిలబస్‌లో చోటు గానీ మార్కులు గానీ ఇవ్వలేదు. లెక్కలో సైన్సో చెప్పే మాస్టారికే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఈ పనీ అప్పగించారు. ఆయన బదిలీ అయితే ఆ గదికి దిక్కెవరన్న ప్రశ్నకు పథకంలో జవాబు లేదు. నా దృష్టిలో అసలు చరిత్ర ఆ ప్రశ్నలోనే ఉంది. బడిలో ఏ విషయమైనా నిలవాలంటే దానికొక పోస్టు, ఒక పరీక్ష ఉండాలి. హిందీకి రెండూ ఉన్నాయి. కంప్యూటర్‌కు రెండూ లేవు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2004 డిసెంబరులో, కేంద్రం ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ను తెచ్చింది. ఈసారి డబ్బుకు కొరత తక్కువే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టేందుకు బూట్ పద్ధతిని ఎంచుకున్నారు. ప్రైవేటు సంస్థే యంత్రాలు తెచ్చి, తన ఇన్‌స్ట్రక్టర్లతో అయిదేళ్లు నడిపి, గడువు తీరాక బడికి అప్పగించి వెళ్లిపోవాలి. రోడ్లకూ వంతెనలకూ సరిపోయే ఒప్పందం ఇది. రోడ్డు అప్పగించాక కూడా రోడ్డే. ల్యాబ్ అప్పగించేనాటికి యంత్రాలు అయిదేళ్ల పాతవి, నేర్పే మనిషి ఉద్యోగం ఒప్పందంతోపాటే ముగిసేది. డీఎస్సీలో కంప్యూటర్ టీచర్ పోస్టు లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఆ పేపరూ లేదు. పరీక్షలు దగ్గరపడిన కొద్దీ కంప్యూటర్ పీరియడ్‌ను లెక్కలకో ఇంగ్లిషుకో తీసేసుకుంటే ఏ హెడ్మాస్టరునైనా తప్పుపట్టగలమా?

యంత్రాలు పాడైతే, కరెంటు పోతే టీచరుంటే మాత్రం ఏం లాభమని అడగవచ్చు. కేరళలో కరెంటు పోదా, యంత్రాలు పాతబడవా? అక్కడ 2001లో మొదలైన ‘ఐటీ ఎట్ స్కూల్’ బయటి ఇన్‌స్ట్రక్టర్ల మీద ఆధారపడకుండా బడిలో ఉన్న టీచర్లకే శిక్షణ ఇచ్చింది, వాళ్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేసింది. తర్వాత ఐటీని అక్కడి పదో తరగతి పరీక్ష ఎస్ఎస్ఎల్‌సీలో పరీక్షగా పెట్టింది. పరీక్ష ఉందంటే గది తాళం తీయాల్సిందే. లైసెన్సు ఖర్చు లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారడమూ ఆ పనిని తేలిక చేసింది. కేరళ మాట వేరు, అక్కడ చదువు ముందునుంచీ ఉందనేవారున్నారు. నిజమే, కానీ టీచరుకు శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టడం అక్షరాస్యత శాతంతో వచ్చే ఫలం కాదు, ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంగ్లండ్ నుంచి వస్తుంది. అక్కడ ఐసీటీ అనే సబ్జెక్టుకు టీచర్లూ ఉండేవారు, మన పదో తరగతి వంటి జీసీఎస్ఈలో పరీక్షా ఉండేది. అయినా చివరికి ఆ పాఠం వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ సాధనగా మారిపోయింది. బీబీసీ మైక్రో ముందు కూర్చుని బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాసిన తరం తర్వాత వచ్చిన పిల్లలకు యంత్రం లోపల ఏముందో చెప్పేవారు కరవయ్యారు. రాయల్ సొసైటీ 2012 జనవరి నివేదికలో ఈ లోపాన్ని ఎత్తిచూపింది, విషయం తెలిసిన టీచర్లు చాలడం లేదనీ చెప్పింది. 2014 సెప్టెంబరులో ఐసీటీ స్థానంలోకి కంప్యూటింగ్ వచ్చింది. అంటే పోస్టూ పరీక్షా ఉన్నంత మాత్రాన చదువు బాగుంటుందని కాదు. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఇంగ్లండ్‌లో తప్పు దొరికింది, దిద్దారు. టైంటేబుల్‌లో చోటు, అడిగే పేపరు, చెప్పే మనిషి ఉండబట్టే ఏది పోయిందో తెలిసింది. మన దగ్గర దిద్దడానికి పాఠమే మిగల్లేదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. అందులో ఉన్నవి లెక్కలు, సైన్సు వంటి పరీక్ష సబ్జెక్టుల పాఠాలే. ఇన్నేళ్ల తర్వాత కూడా కంప్యూటర్ మన బడికి వేరే సబ్జెక్టుల మోతబండిగానే వచ్చింది.