సంతకం చేయని స్వాతంత్ర్యవాది: జాన్ డికిన్సన్ రాజకీయ జీవితం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

అమెరికా సంయుక్త రాష్ట్రాల అవతరణకు పునాదిగా నిలిచిన పత్రాలు ప్రధానంగా మూడు. అవి 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య నిబంధనలు, 1787లో రూపొందిన రాజ్యాంగం. మొదటి పత్రంపై జాన్ డికిన్సన్ (1732-1808) సంతకం లేదు. రెండవదాని తొలి ముసాయిదా ఆయన రచనే. మూడవదానిపై ఆయన పేరును మరొకరు రాశారు. మొదటి సందర్భాన్ని మాత్రమే పట్టించుకున్నవారికి ఆయన పిరికివాడిగా కనిపించారు. మూడింటినీ కలిపి చూసినప్పుడు, ఆయన వ్యతిరేకించింది స్వాతంత్ర్యాన్ని కాదనీ, ఆ అడుగు వేసిన సమయాన్ననీ స్పష్టమవుతుంది.

2. 'రైతు' లేఖలు:

మేరీలాండ్‌లో జన్మించి డెలావేర్‌లో పెరిగిన డికిన్సన్, లండన్‌లోని మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి ఫిలడెల్ఫియాలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1767లో బ్రిటిష్ పార్లమెంటు గాజు, సీసం, కాగితం, రంగులు, తేయాకులపై టౌన్‌షెండ్ సుంకాలు విధించింది. అప్పుడు ఆయన పెన్సిల్వేనియా రైతు పేరిట 12 లేఖలను పత్రికలో ప్రకటించారు. వాణిజ్యాన్ని క్రమబద్ధం చేసే సుంకం వేరు, ఆదాయం కోసం విధించే సుంకం వేరు; రెండవది ప్రజల అంగీకారం లేని పన్నే అన్నది వాటి సారాంశం. సంపన్న న్యాయవాది రైతు గొంతుతో మాట్లాడడం వల్ల న్యాయశాస్త్ర వాదన సామాన్య పాఠకుడికి చేరింది. లేఖలు ఇతర వలసల పత్రికలలోనూ పునర్ముద్రణ పొందాయి.

3. 1776 జూలై:

1775లో యుద్ధం మొదలైన తరువాత కూడా డికిన్సన్ రాజుకు శాంతి విజ్ఞాపన పంపాలని పట్టుబట్టారు. రాజు దానిని స్వీకరించలేదు. 1776 జూలై 1న కాంటినెంటల్ కాంగ్రెస్‌లో ఆయన స్వాతంత్ర్య తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ ప్రసంగించారు. విదేశీ మైత్రి ఇంకా కుదరలేదు, వలసల మధ్య ఉమ్మడి ప్రభుత్వం ఏర్పడలేదు. ఈ స్థితిలో ప్రకటన ప్రమాదకరమని ఆయన వాదన. మరునాడు ఆయన, రాబర్ట్ మోరిస్ ఓటింగుకు దూరంగా ఉన్నారు. ఫలితంగా పెన్సిల్వేనియా ఓటు 3-2 తేడాతో తీర్మానానికి అనుకూలమైంది. తన మాటను వదులుకోకుండానే సభ ఐక్యతకు ఆయన దారి ఇచ్చారు. ఆ నెలలోనే పెన్సిల్వేనియా ఆయనను ప్రతినిధి బృందం నుండి తప్పించింది. అయినా ఆయన తన సైనిక దళంతో న్యూజెర్సీకి వెళ్లారు. తాను ఓటు వేయని నిర్ణయం కోసం ఆయుధం పట్టారు.

4. సమాఖ్య నుండి రాజ్యాంగానికి:

ఉమ్మడి ప్రభుత్వం ముందు కావాలన్న వాదన కేవలం సాకు కాదు. సమాఖ్య నిబంధనల ముసాయిదాను ఆయనే రచించగా, అది 1776 జూలై 12న కాంగ్రెస్ ముందుకు వచ్చింది. అందులో కేంద్రానికి ఇచ్చిన అధికారాలను కాంగ్రెస్ తరువాత బాగా కుదించింది. ఆ బలహీనత ఫలితాన్ని ఆయన డెలావేర్, పెన్సిల్వేనియా రాష్ట్రాల అధ్యక్షుడిగా ప్రత్యక్షంగా చూశారు. 1787 రాజ్యాంగ సభలో డెలావేర్ ప్రతినిధిగా, బలమైన కేంద్రాన్ని కోరుతూనే చిన్న రాష్ట్రాల సమాన ప్రాతినిధ్యం కోసం నిలబడ్డారు. అనారోగ్యంతో ముందే వెళ్లిపోవడం వల్ల ఆయన తరఫున జార్జ్ రీడ్ సంతకం చేశారు.

5. బానిసత్వం - ఒక వైరుధ్యం:

స్వేచ్ఛ గురించి రాసిన డికిన్సన్ స్వయంగా బానిసల యజమాని. 1777లో షరతులతో వారికి విముక్తి పత్రం రాశారు. 1786 నాటికి షరతులు లేకుండా విడుదల చేశారు. రాజ్యాంగ సభలో బానిసల దిగుమతిని కొనసాగనివ్వడాన్ని వ్యతిరేకించారు. అయినా 1808 వరకు దానిని నిషేధించరాదన్న నిబంధన ఉన్న రాజ్యాంగాన్నే సమర్థించారు. క్రమంగా సాగాలన్న ఆయన నీతికి ఇక్కడ మూల్యం చెల్లించినది ఆయన కాదు, బానిసలు.

6. ముగింపు:

డికిన్సన్ 1808 ఫిబ్రవరి 14న మరణించారు. 1776లో ఆయన కోరిన రెండూ, అంటే విదేశీ మైత్రి 1778లో ఫ్రాన్స్‌తోనూ, బలమైన సమాఖ్య 1787 రాజ్యాంగంతోనూ సమకూరాయి. అయితే అవి ప్రకటనకు ముందు కాక తరువాత వచ్చాయి. ఆయన సూచించిన క్రమాన్ని చరిత్ర అనుసరించలేదు. కానీ ఆయన అవసరమన్నవాటిని వదిలి ముందుకు సాగలేకపోయింది. అందువల్ల ఆయనను సంతకం చేయని వ్యక్తిగా మాత్రమే అంచనా వేయడం అసంపూర్ణమవుతుంది.