లాభంలో వాటా, నష్టంలో బాధ్యత

పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది అయినప్పుడు లాభం ఎవరికి ఎంత చెందాలి? నష్టం వస్తే ఎవరు భరించాలి? అరబ్బు వర్తకులు ఇస్లాంకు పూర్వమే ఇందుకు ఒక ఏర్పాటు చేసుకొన్నారు. దానిని మదీనావారు ఖిరాద్ అనీ, ఇరాఖ్‌వారు ముదారబా అనీ అన్నారు. హిందూస్థాన్ మదరసాలలో ముజారబత్‌గా సుపరిచితమైనది ఇదే. దైవదౌత్యానికి పూర్వం ప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో సిరియాకు వర్తకయాత్ర చేసినట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ ఒప్పందంలోని హక్కులను తేటపరచే ఒక ఉదంతాన్ని ఇమామ్ మాలిక్ (మరణం 795) తమ ‘ముఅత్తా’లో పొందుపరచారు. అది హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ (634–644) నాటిది. ఖలీఫా కుమారులు అబ్దుల్లాహ్, ఉబైదుల్లాహ్‌లు సైన్యంతో ఇరాఖ్ వెళ్లి తిరిగి వస్తున్నారు. మదీనాకు పంపవలసిన బైతుల్‌మాల్ సొమ్మును బస్రా అమీరు అబూ మూసా అష్అరీ (రజి) వారికి అప్పుగా ఇచ్చారు. దానితో సరుకు కొని, మదీనాలో అమ్మి, అసలు ఖలీఫాకు అప్పగించి లాభం ఉంచుకొమ్మన్నారు. వారట్లే చేశారు.

సైనికులందరికీ ఇట్లే అప్పు ఇచ్చాడా అని హజ్రత్ ఉమర్ ప్రశ్నించారు. లేదన్నారు. ఖలీఫా కుమారులైనందువల్లనే ఈ సదుపాయం దక్కిందని ఆయన గ్రహించి, అసలూ లాభమూ రెండూ అప్పగించుమన్నారు. అబ్దుల్లాహ్ మౌనం వహించగా, ఉబైదుల్లాహ్ ఎదురు చెప్పారు: సొమ్ము నష్టపోయి ఉంటే తామే చెల్లించవలసి వచ్చేది కదా! చివరకు సభలోని ఒకరు దీనిని ఖిరాద్‌గా పరిగణించుమని సూచించారు. ఖలీఫా అసలూ, సగం లాభమూ తీసుకొన్నారు. మిగతా సగం కుమారులకు దక్కింది.

ఇక్కడ ఇరుపక్షాల వాదనలోనూ న్యాయమున్నది. ప్రజల సొమ్ముపై వచ్చిన లాభంలో ప్రజలకు హక్కున్నది. నష్టానికి పూచీపడినవారికి లాభంలో వాటా అడిగే హక్కున్నది.

తరువాతి ఫిఖహ్ పండితులు ఈ న్యాయాన్ని నియమాలుగా విస్తరింపజేశారు. మర్‌గీనానీ (మరణం 1197) ‘హిదాయా’ ప్రకారం లాభం పాళ్ల లెక్కన పంచుకోవాలి. ఒకరికి ఇన్ని దిర్హములని ముందే నిర్ణయిస్తే ఒప్పందం చెల్లదు. నష్టం మొదట లాభం నుండే పూడ్చాలి. లాభం పంచుకొన్నాక అసలు తరిగినా, దానిని తిరిగి ఇచ్చి అసలు నింపాలి. అంతకు మించిన నష్టం పెట్టుబడిదారునిది. శ్రమించినవాడు అమానతుదారు; తన శ్రమ వృథా కావడమే అతని నష్టం. అయితే ఫలానా ఊరిలోనే, ఫలానా సరుకులోనే వ్యాపారం చేయాలన్న షరతును మీరితే సొమ్ముకు అతడే జవాబుదారీ.

ఇటువంటి ఒప్పందాలు 11, 12 శతాబ్దాలలో వెనిస్, జెనోవా రేవులలో కానవస్తాయి. జెనోవాలో సాధారణంగా పెట్టుబడిదారునికి ముప్పాతిక లాభం, ప్రయాణించిన వర్తకునికి పాతిక. వీటి మూలం ముదారబాయేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దీనిపై ఏకాభిప్రాయం లేదు.

నేడు కొత్త కంపెనీలకు సొమ్ము సమకూర్చేవారు ప్రత్యేక వాటాలు తీసుకొని, కంపెనీ అమ్ముడైనప్పుడు తమ అసలు ముందుగా రావాలని రాయించుకొంటారు. అసలు తీరిన తరువాతే లాభమన్నది ముదారబా సూత్రం కూడా. కాని కొన్ని ఒప్పందాలు అసలుకు రెండు మూడు రెట్లు ముందుగా కోరుతాయి. అప్పుడు కంపెనీ మంచి ధరకు అమ్ముడైనా, దానిని నిర్మించినవారికి ఏమీ మిగలకపోవచ్చును. ముదారబాలో అట్టి షరతుకు తావు లేదు. అసలుకు మించి వచ్చిన ప్రతి దిర్హము లాభమే. అందులో శ్రమించినవానికి పాలున్నది.