కోటా అంకెల వెనుక

రెండవ ప్రపంచ యుద్ధానంతరం యూదు శరణార్థుల పట్ల బ్రిటన్ కాఠిన్యం చూపింది, అమెరికా మానవత్వం చూపింది అని చెప్పుకోవడం పరిపాటి. సికిందరాబాదులో విద్యార్థులకు చరిత్ర చెప్పే నాకు యీ మాట తరచు వినబడుతూంటుంది. అంకెలు పరిశీలిస్తే సంగతి అంత సూటిగా లేదు.

1939 నాటి శ్వేతపత్రం పాలస్తీనాలోకి అయిదేళ్లలో 75,000 మంది యూదుల్ని మాత్రమే రానిస్తానంది. ఆపైన అరబ్బుల సమ్మతి కావాలంది. 1945 ఆగస్టులో ఎర్ల్ హారిసన్, హిట్లర్ చెర నుంచి బయటపడ్డవారు జర్మనీలో ఇంకా ముళ్లకంచెల మధ్యనే ఉన్నారని నివేదించాడు. లక్షమందిని పాలస్తీనాలోకి అనుమతించమని ట్రూమన్ అట్లీని కోరాడు. 1946లో ఉభయ దేశాల విచారణ సంఘం గూడా ఆ అంకెనే బలపరిచింది.

మరి అమెరికా సొంత తలుపు మాట? 1924 చట్టపు పద్ధతిలో పోలండుకు ఏడాదికి 6,524 మాత్రమే. 1945 డిసెంబరు 22న ట్రూమన్ యిచ్చిన ఆదేశం ఆ కోటాలలోనే శరణార్థులకు ప్రాధాన్యమిచ్చిందిగాని కోటాలను పెంచలేదు. 1948 నాటి చట్టం సరిగ్గా ఆ తేదీనే గడువుగా పెట్టింది. 1946 కీల్త్సే హత్యాకాండ తర్వాత పోలండు నుంచి పారిపోయి వచ్చిన యూదులు, 1950లో సవరణ వచ్చేదాకా, గడువుకు అవతలే మిగిలారు. న్యూయార్కులో వద్దు గనుకనే పాలస్తీనా చూపుతున్నారని బెవిన్ ఎత్తిపొడిచాడు. మాటలో విషం లేకపోలేదు, గురి మాత్రం తప్పలేదు. ఆ బెవిన్ ప్రభుత్వమే 1947లో ఎక్సోడస్ ఓడలో వచ్చిన సుమారు 4,500 మందిని తిరిగి జర్మనీకే చేర్చింది!

యీ తలుపు మనకూ తెలిసిందే. 1946 జూలై 2న లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ప్రసాదించింది. సుమారు నలభై కోట్ల జనానికి నూరు! యూదు కుటుంబంలో పుట్టిన ఇమాన్యుయేల్ సెల్లర్ 1924 కోటాలను ఎదిరించినవాడు. ఆయన పేరుతోనే 1965లో వచ్చిన చట్టం జాతిమూల కోటాలను తొలగించింది. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతనే. 2008 నుంచి 2023 దాకా బేగంపేట పైగా ప్యాలెస్‌లోని అమెరికన్ కాన్సులేటుకు వీసాల కోసం వెళ్లిన మన పిల్లలలో యీ చరిత్ర ఎందరికి తెలుసు?

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు 33 ఓట్లు అనుకూలం, 13 వ్యతిరేకం, 10 తటస్థం. భారతదేశం వ్యతిరేకించింది. సోవియట్ యూనియన్ బలపరిచింది. అభ్యుదయవాదులం యీ వాస్తవాన్ని దాటవేయరాదు. తర్వాతి యుద్ధంలో సుమారు 7 లక్షల పాలస్తీనా అరబ్బులు నిర్వాసితులైనారు. ఐరోపా చేసిన పాపానికి వారిచేత పరిహారం కట్టించారు.

శరణార్థికి ఆశ్రయమీయడం న్యాయం. అయితే తన తలుపుకు గడియ బిగించి, పొరుగువాడి యింట్లో చోటు చూపినవాణ్ణి దాత అనలేం.